మంచు మీది అభినయానికి మార్కులు వేసేదెలా?

(భీమవరంలో నృత్య పోటీల న్యాయనిర్ణేతల కోసం జరిగిన ఒకరోజు శిక్షణ తరగతిలో ఒక నాట్య ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగం. సభలో మాట్లాడినదాన్ని దాదాపు అలాగే ఉంచాం.)

పెద్దలకు, నాట్య గురువులకు, సంగీతం మాస్టర్లకు, పోటీలకు పిల్లల్ని తయారుచేస్తున్న అక్కచెల్లెళ్ళకు నమస్కారం.

సంక్రాంతి దగ్గర పడింది. ఇక్కడ మావుళ్ళమ్మ ఉత్సవాలు, అటు అంతర్వేది తీర్థం, కోనసీమలో ప్రభలు. ఈ రెండు మూడు నెలలూ మన డెల్టాలో ఏ ఊరికి వెళ్ళినా ఒక స్టేజీ, ఒక మైకు, పిల్లల డాన్సు పోటీ ఉంటాయి. ఈ హాల్లో ఉన్నవాళ్ళలో చాలామంది ఏదో ఒక స్టేజీ ముందు జడ్జీ కుర్చీలో కూర్చోబోతున్నారు. ఫలితాలు చదివాక ఒక తల్లి మన దగ్గరికి వస్తుంది. "మా పాపకి ఎక్కడ తగ్గిందండీ?" అని అడుగుతుంది. తాళం తప్పితే చెప్పగలం, ముద్ర తప్పితే చెప్పగలం. ఆ రెండూ బాగుండి కూడా మార్కు తగ్గినప్పుడు "అభినయం చాలలేదమ్మా" అంటాం. "ఏ చోట?" అని ఆవిడ ఇంకో ప్రశ్న వేస్తే మనలో చాలామంది దగ్గర జవాబు ఉండదు.

ఈ రోజు నేను మాట్లాడేదంతా ఆ రెండో ప్రశ్న గురించే. అభినయానికి వేసిన మార్కుకి చోటు చూపించగలగాలి. ఏ చరణంలో, ఏ ఆవర్తంలో, అంటే తాళం ఏ చుట్టులో, ఏ చూపులో అని. చూపించలేనప్పుడు ఆ మార్కు వేసే హక్కు మనకు లేదు.

దీని కోసం మిమ్మల్ని కాస్త దూరం తీసుకెళ్తాను, ఫిగర్ స్కేటింగ్ దగ్గరికి. మన దగ్గర ఐసు అంటే చేపల లోడింగ్‌కి, రొయ్యల పెట్టెలకి వాడేదే. ఈ ఆటని టీవీలోనో ఫోన్లోనో తప్ప చూసినవాళ్ళు ఇక్కడ దాదాపు ఉండరు. అయినా ఎందుకు ఎంచుకున్నానంటే, సంగీతానికి శరీరం ఎలా పలికిందో చూసి అంకె వేయడమనే మన కష్టం వాళ్ళకీ ఉంది. ఆ కష్టం మీద వాళ్ళు ఒలింపిక్స్‌లో ప్రపంచమంతా చూస్తుండగా గొడవ పడ్డారు, పరువు పోగొట్టుకున్నారు, నిబంధనలన్నీ తిరగరాసుకున్నారు. అంత నష్టపడి నేర్చుకున్న సంగతులు మనకు ఊరికే దొరుకుతున్నాయి.

ఆట గురించి రెండు ముక్కలు చెప్తాను. 60 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు ఉన్న మంచు గచ్చు. బూటు కింద ఉక్కు బ్లేడు. ఆ బ్లేడు అడుగున సన్నని గాడి ఉంటుంది, దాంతో లోపలి అంచు, బయటి అంచు అని రెండు ఏర్పడతాయి. ఏ అంచు మీద ఒరిగితే ఆ వైపు వంపు తిరుగుతూ జారతారు. ఒక్కరే ఆడే పోటీలో రెండు ప్రదర్శనలు ఉంటాయి. మొదటిది 2 నిమిషాల 40 సెకన్లు, రెండోది 4 నిమిషాలు. సంగీతాన్ని ఆడేవాళ్ళే ఎంచుకుంటారు. దూకి గాలిలో మూడు చుట్లో నాలుగు చుట్లో తిరగాలి, ఒకే చోట గిర్రున తిరగాలి, అంచులు మారుస్తూ అడుగుల వరస చూపించాలి. ఇదంతా పాటలో ఇమడాలి.

పాత రోజుల్లో దీనికి ఒక్కో జడ్జీ రెండే మార్కులు వేసేవారు. ఒకటి సాంకేతికానికి, ఒకటి కళకు. గరిష్ఠం 6.0. కళకు 5.8 వేసిన జడ్జీ 5.8 ఎందుకో ఎవరికీ చెప్పనక్కర్లేదు. మన పోటీ కాగితాల్లో 'భావం - 20 మార్కులు' అనే గడి ఉంటుంది చూడండి, సరిగ్గా అలాంటిదే.

ఆ పద్ధతిలో కూడా ఒకసారి అందరి మనసూ ఒక్కటైంది. 1984 ఫిబ్రవరి 14, సరయేవో ఒలింపిక్స్. బ్రిటన్‌కి చెందిన జేన్ టోర్విల్, క్రిస్టఫర్ డీన్ అనే జంట ఐస్ డాన్స్ చేశారు. తొమ్మిది మంది జడ్జీలూ కళకు 6.0 వేశారు. ఆ వీడియో మీలో ప్రతి ఒక్కరూ చూడాలి. సంగీతం రావెల్ స్వరపరిచిన బొలేరో. దాని స్వభావం ఏంటంటే, మొదటి నుంచి చివరి దాకా ఒక చిన్న డ్రమ్ము ఒకే నడకని వాయిస్తూనే ఉంటుంది. నడక మారదు. కథ లేదు, సాహిత్యం లేదు. ఒక్కొక్క వాద్యం వచ్చి చేరుతుంది, శబ్దం పెరుగుతుంది, అంతే. అభినయానికి పట్టు దొరకని సంగీతం అది. మనలో ఎవరికైనా ఇస్తే వెనక్కి ఇచ్చేస్తాం.

వాళ్ళు ఏం చేశారు? మోకాళ్ళ మీద మొదలుపెట్టారు. దీనికి ఒక లెక్క ఉంది. వాళ్ళ సంగీతం నిబంధన ఒప్పుకునే సమయం కంటే కొన్ని సెకన్లు ఎక్కువ. బ్లేడు మంచు మీద కదలడం మొదలైనప్పటి నుంచే గడియారం లెక్క. అందుకని ఆ మొదటి సెకన్లు బ్లేడు ఆనకుండా మోకాళ్ళ మీద ఉండిపోయారు. చూడండి, నిబంధన పెట్టిన ఇబ్బందే అందంగా మారింది. ఒక్క వాద్యమే పలుకుతున్నంతసేపు నడుము, భుజాలు, చేతులు మాత్రమే ఊగుతాయి. సంగీతం లేచేకొద్దీ శరీరాలు లేస్తాయి. వాద్యాలు చేరేకొద్దీ వంపులు పెద్దవవుతాయి, ఎత్తుకోవడాలు పెరుగుతాయి, గచ్చంతా నిండుతుంది. కింద డ్రమ్ము నడక మారనట్టే వాళ్ళ జారుడులో కూడా ఒక నిలకడ చివరి దాకా తెగదు. ఆఖరి దెబ్బకి ఇద్దరూ మంచు మీదికి ఒరిగిపోతారు. ఆ రోజు జడ్జీలను ఎవరైనా "6.0 ఏ చోట?" అని అడిగి ఉంటే ప్రతి నిమిషానికీ ఒక చోటు చూపించగలిగేవారు.

నాలుగేళ్ళ తర్వాత 1988లో కాల్గరీ. తూర్పు జర్మనీ అమ్మాయి కాతరీనా విట్, అమెరికా అమ్మాయి డెబీ థామస్, ఇద్దరూ ఒకే ఒపెరా సంగీతం తీసుకున్నారు, బిజే స్వరపరిచిన కార్మెన్. విట్ కథలోని నాయికగా మారి ఆఖరున మంచు మీద చచ్చిపోయినట్టు అభినయించింది. థామస్ చేసిన నాయిక చచ్చిపోలేదు. ఒకే పదంలోని ఖండిత నాయికను, అంటే ప్రియుడు మోసం చేశాడని అలిగిన నాయికను, ఇద్దరు రెండు తీర్లుగా పట్టినట్టు. ఇలాంటప్పుడు 'ఏ నాయిక నాకు నచ్చింది' అనేది జడ్జీ చూడాల్సింది కాదు. ఎంచుకున్న నాయికను ఆ సంగీతం ఒప్పుకుందా, చివరి దాకా ఆ పిల్ల నిలబెట్టుకుందా, అంతవరకే. విట్ బంగారు పతకం గెలిచింది. కానీ ఆ రాత్రి ఆ రెండో ప్రదర్శనలో అందరికంటే ముందు నిలిచింది ఈ ఇద్దరిలో ఎవరూ కాదు, కెనడా అమ్మాయి ఎలిజబెత్ మాన్లీ.

ఇక గొడవకి వస్తాను. 2002, సాల్ట్ లేక్ సిటీ, జంటల పోటీ. రష్యా జంట బెరెజ్‌నయా, సిఖరులిడ్జె. కెనడా జంట సాలే, పెల్టియే. రష్యా అబ్బాయి ఒక దూకుడు దిగేటప్పుడు తడబడ్డాడు, కెనడా వాళ్ళు తప్పు లేకుండా ముగించారు. జడ్జీలు ఐదుకి నాలుగుగా చీలి రష్యాకి బంగారం ఇచ్చారు. తర్వాత ఫ్రాన్స్ జడ్జీ ఒత్తిడికి లొంగి ఓటు వేసిందన్న ఆరోపణ బయటికి వచ్చింది. చివరికి కెనడా జంటకి కూడా బంగారు పతకం ఇచ్చారు. రష్యా జంట కళ గొప్పదని నిజంగా నమ్మిన జడ్జీలు కూడా ఆ ఐదుగురిలో ఉండే ఉంటారు. కానీ 'గొప్పది' అన్నదానికి చోటు చూపించే పద్ధతి లేదు. అందుకే నిజాయితీగా వేసిన మార్కూ అనుమానంలో కొట్టుకుపోయింది. నాకు ఈ సంఘటనలో అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

పాత పద్ధతిలో ఇంకో జబ్బు కూడా ఉంది, అది మనకు బాగా తెలిసినదే. అక్కడ మార్కు అంటే నిజానికి వరస. ఎవరు ఎవరికంటే ముందు అన్నదే లెక్క. అందువల్ల మొదట ఆడినవాళ్ళకు 6.0 వేసేస్తే వెనక వచ్చేవాళ్ళకు చోటు ఉండదని జడ్జీలు చేయి బిగబట్టేవారు. మన దగ్గర చీటీలు తీస్తారు కదా, ఒకటో నంబరు చీటీ వచ్చిన పిల్ల మొహం ఎప్పుడైనా చూశారా? ఆ పిల్లకి తెలుసు. వాళ్ళ అమ్మకి కూడా తెలుసు. మనం మాత్రం తెలియనట్టు కూర్చుంటాం.

2004లో కొత్త పద్ధతి వచ్చింది. ఇందులో ప్రతి దూకుడుకీ, ప్రతి చుట్టుకీ ముందే రాసిపెట్టిన విలువ ఉంటుంది. చేసింది ఏ దూకుడో, ఎన్ని చుట్లు పూర్తయ్యాయో తేల్చడానికి వేరే బృందం కూర్చుంటుంది. జడ్జీలు దాని నాణ్యతకు మైనస్ 5 నుంచి ప్లస్ 5 దాకా వేస్తారు. కళ భాగానికి విడిగా మార్కులు. మొదట ఐదు శీర్షికలు ఉండేవి, 'సంగీత వ్యాఖ్యానం' అందులో ఒకటి. 2022-23 సీజన్ నుంచి వాటిని మూడు చేశారు: కూర్పు, ప్రదర్శన, స్కేటింగ్ నైపుణ్యం. ఒక్కో శీర్షికకు పది మార్కులు, పావు మార్కు చొప్పున పెరుగుతాయి. 5 అంటే సగటు, 7 అంటే బాగుంది, 9 అంటే చాలా గొప్పగా ఉంది. పక్కవాడితో పోలిక లేదు, కొలబద్దతోనే పోలిక. ఒకటో నంబరు వాడికైనా ఇరవయ్యో నంబరు వాడికైనా అదే కొలబద్ద. తొమ్మిది మంది వేసిన మార్కుల్లో అన్నిటికంటే ఎక్కువది ఒకటి, తక్కువది ఒకటి తీసేసి మిగతా ఏడింటికి సగటు కడతారు.

'సంగీత వ్యాఖ్యానం' అనే శీర్షిక ఎత్తేశారంటే సంగీతాన్ని వదిలేశారని కాదు. రెండు చోట్లకి పంచారు. పాటలోని వాక్యాలు, దాని కట్టుబడి నృత్యరచనలో కనిపిస్తున్నాయా అన్నది 'కూర్పు'లోకి వెళ్ళింది. ఆడుతున్న మనిషి ఆ పూట సంగీతాన్ని ఎంత సున్నితంగా విన్నాడు, సమయం ఎలా పట్టాడు అన్నది 'ప్రదర్శన'లోకి వెళ్ళింది. నా ఉద్దేశంలో ఆ మొత్తం మార్పులో మనకు అన్నిటికంటే పనికొచ్చేది ఇదే. కాసేపు దీని దగ్గరే ఆగుతాను.

మన పోటీల్లో పదేళ్ళ పాప ఒక కూచిపూడి తరంగం చేస్తుంది. జతి కట్టిన తీరు అద్భుతంగా ఉంటుంది, అనుపల్లవిలో ఆ పంక్తి భావాన్ని రకరకాలుగా విస్తరించి చూపించే సంచారి ఒకటి పెట్టారు, చూస్తుంటే ఒళ్ళు పులకరిస్తుంది. మనం 'భావం' గడిలో 18 వేస్తాం. ఆ 18 ఎవరికి? ఆ సంచారి కట్టింది గురువు. పాప దాన్ని ఒప్పజెప్పింది. తర్వాత వచ్చిన పాపది సాదా రచన, వాళ్ళ ఊళ్ళో గురువుకి అంతే వచ్చు. కానీ ఆ పాప ఒక పంక్తి దగ్గర గాయకుడు గొంతు తగ్గించగానే తనూ చూపు తగ్గించింది. ఎవరూ నేర్పింది కాదు, విన్నది. మనం 14 వేసి పంపిస్తాం. కూర్పుకి ఒక గడి, ప్రదర్శనకి ఒక గడి ఉంటే ఈ అన్యాయం జరగదు. మొదటి పాపకి కూర్పులో ఎక్కువ పడనివ్వండి, అది న్యాయమే. రెండో పాపకి ప్రదర్శనలో రావలసింది రానివ్వండి.

ఇక సంగీతాన్ని విన్నారో లేదో ఎలా పట్టుకోవాలి? మన స్టేజీ మీద పాదం చప్పుడు చేస్తుంది, గజ్జె చెప్తుంది. మంచు మీద చప్పుడు లేదు. ఒక తోపు తోసి వదిలితే, గెడ వేసిన పడవలా ఆ ఊపు తనంతట తానే సాగిపోతుంది. కాబట్టి అక్కడ లయ కనిపించేది మోకాలిలో. మోకాలు ఎప్పుడు వంగింది, ఎప్పుడు లేచింది, బరువు ఒక అంచు నుంచి ఇంకో అంచుకి ఎప్పుడు మారింది. ఆ మారడం దెబ్బ మీద పడిందా, దెబ్బకి కాస్త ముందా, కాస్త వెనకా. మనం సమం, అతీతం, అనాగతం అంటామే, సరిగ్గా ఆ చూపు అక్కడ కావాలి. ప్రతి దెబ్బకీ చేయి విసిరేవాడు సంగీతం బాగా తెలిసినవాడు అనుకోకండి. అది లెక్క తెలిసినవాడి పని. గాయకుడు ఒకే పంక్తిని మార్చి మార్చి పాడుతూ సంగతులు వేస్తున్నప్పుడు మూడో సంగతికి శరీరంలో కూడా ఏదో ఒకటి మారాలి. మారలేదంటే ఆ మనిషి తాళం విన్నాడు, పాట వినలేదు.

దూకుడులో కూడా ఇది చూడొచ్చు. దాదాపు అన్ని దూకుళ్ళూ వెనక్కి జారుతూ బయటి అంచు మీద దిగుతాయి. దిగాక చేతులు విప్పుకుంటూ ఒక పెద్ద వంపు సాగుతుంది. ఆ వంపు సంగీత వాక్యం ముగిసే చోట సాగితే ఆ దూకుడు పాటలోనే పుట్టినట్టు ఉంటుంది. వాక్యం మధ్యలో దిగితే పాట ఒకవైపు, మనిషి ఒకవైపు. నాణ్యత మార్కుల నిబంధనల్లోనే 'సంగీతానికి తగినట్టుగా ఉందా' అనే అంశం రాసి ఉంది. ప్రతి ప్లస్‌కీ ఆ దూకుడు విలువలో పది శాతం కలుస్తుంది. టో లూప్ అనే ఒక రకం దూకుడుని నాలుగు చుట్లతో చేస్తే దాని విలువ 9.5, కాబట్టి ఒక ప్లస్ అంటే 0.95. సంగీతం వినడానికి ఇక్కడ అణా పైసలతో సహా ధర కట్టారు.

నాకు బాగా కోపం తెప్పించేది ఇంకొకటి ఉంది. నాలుగు చుట్ల దూకుడు ముందు కొందరు ఆటగాళ్ళు చాలాసేపు చేతులు బిగించి, మొహం బిగించి, వెనక్కి చూసుకుంటూ జారతారు. అంతసేపూ వెనక వయొలిన్లు ఏడుస్తూనే ఉంటాయి, వీళ్ళకి సంబంధం లేదు. దూకి దిగగానే మొహం మీద భావం మళ్ళీ వెలుగుతుంది. జనం లేచి చప్పట్లు కొడతారు. ఆ చప్పట్ల వేడిలో జడ్జీ 'ప్రదర్శన'కి కూడా ఎక్కువ వేసేస్తాడు. దూకుడుకి రావలసిన మార్కు ఎలాగూ వచ్చింది, మళ్ళీ ఇక్కడ ఎందుకు? ఇది ఆ ఆటలో ఎన్నాళ్ళుగానో ఉన్న ఫిర్యాదు. పాత ఐదు శీర్షికలకీ ఒక మనిషికి ఇంచుమించు ఒకే అంకె వేస్తారని, విడివిడిగా చూడరని కూడా అనేవారు.

మన దగ్గర ఇది లేదంటారా? తరంగంలో పాప పళ్ళెం అంచు మీద నిలబడగానే హాలు ఈలలతో మోగుతుంది. పళ్ళెం మీద ఉన్నంతసేపు కళ్ళు భయంతో నేలని చూస్తున్నా సరే, మనం భావానికి 18 వేసేస్తాం. పద్యనాటకంలో రాగం తీసి తీసి 'వన్స్ మోర్' అనిపించుకున్న నటుడికి పాత్రపోషణలో కూడా బహుమతి ఇచ్చేస్తాం. పళ్ళెం మీద నిలబడటం కష్టమైన విద్య, దానికి గౌరవం ఇవ్వాలి. దాని గడిలో దానికి ఇవ్వండి. గరగ నృత్యం చేసేవాళ్ళని గమనించండి. తల మీద గరగ, అంటే అలంకరించిన కుండ, కదలదు, కింద పాదాలు డప్పుతో మాట్లాడుతుంటాయి. గరగ పడకపోవడం నైపుణ్యం. డప్పు మారినప్పుడు ఆ నడక ఎలా మారిందన్నది వ్యాఖ్యానం. రెండు వేరువేరు సంగతులు, రెండు వేరువేరు మార్కులు.

కళ భాగానికి నిజంగా విలువ ఉందా అని మీరు అడగవచ్చు. ఉంది. మగవాళ్ళ రెండో ప్రదర్శనలో మూడు శీర్షికలకీ కలిపి వచ్చిన మార్కుల్ని 3.33తో హెచ్చిస్తారు, అంటే గరిష్ఠం దాదాపు వంద. ఆడవాళ్ళకు 2.67. అమెరికాకి చెందిన జేసన్ బ్రౌన్ 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో నాలుగు చుట్ల దూకుడు ఒక్కటి కూడా చేయకుండా ఆరో స్థానంలో నిలిచాడు. అది ఆయన అంచులకి, ఆయన వినికిడికి దక్కిన స్థానం. కానీ ఆరో స్థానమే. దూకుళ్ళ వైపు పరిమితి లేదు, కొత్త దూకుడు వస్తే మార్కులు పెరుగుతూ పోతాయి. కళ వైపు పదికి పది దగ్గర గోడ ఉంది. ఈ తూకం ఇంకా సరిపోలేదన్నది నా అభిప్రాయం.

జడ్జీకి అన్నిటికంటే పెద్ద పరీక్ష ఒకటి చెప్తాను. 2014 సోచీ. జపాన్ అమ్మాయి మావో అసాదా మొదటి ప్రదర్శనలో ఘోరంగా దెబ్బతిని 16వ స్థానానికి పడిపోయింది. మర్నాడు రాఖ్‌మనినోఫ్ రెండో పియానో కచేరీ సంగీతానికి ఆడింది. సంగీతం ఆగగానే ఏడ్చేసింది, చూస్తున్నవాళ్ళు కూడా ఏడ్చారు. మొత్తం మీద ఆరో స్థానానికి వచ్చింది. ఆ ఏడుపు నిజం, అందులో వంక పెట్టడానికి ఏమీ లేదు. కానీ జడ్జీ లెక్క ఆఖరి స్వరంతోనే ముగియాలి. ఆ పిల్ల జీవితకథకి మార్కు లేదు, ఆ పియానో వాక్యాలకి ఆమె శరీరం పలికినదానికే మార్కు. పలికింది కూడా, బాగా పలికింది. రెండూ కలిసిపోయినప్పుడు విడదీసి చూడటం మనసుకి కష్టం. మన పోటీల్లో తండ్రి లేని పిల్ల, లంక గ్రామం నుంచి పడవ దాటి వచ్చిన పిల్ల ఉంటారు. వాళ్ళకి సాయం చేయాలంటే స్టేజీ దిగాక చేయండి, పుస్తకాలు కొనివ్వండి, ఫీజు కట్టండి. మార్కు కాగితం మీద చేయకండి. అలా చేస్తే ఆ పిల్లకి నిజంగా వచ్చిన మార్కు కూడా జాలి మార్కు అయిపోతుంది.

ఆహార్యం, అంటే వేషధారణ గురించి ఒక్క మాట. 2010 వాంకూవర్‌లో ఐస్ డాన్స్‌కి జానపద సంగీతం తీసుకోవాలన్నారు. అమెరికా జంట మెరిల్ డేవిస్, చార్లీ వైట్ హిందీ సినిమా పాటలకి ఆడారు. భారతీయ నృత్యం నేర్పే గురువు దగ్గర కూర్చుని మెడ కదలిక, చేతుల విరుపు, కళ్ళు నేర్చుకున్నారు. అదే పోటీలో రష్యా జంట ఆస్ట్రేలియా ఆదివాసుల వేషం వేసుకుంటే ఆ ఆదివాసుల పెద్దలే అభ్యంతరం చెప్పారు. చీర కట్టు, పూలజడ చూసి 'ఎంత సంప్రదాయంగా ఉందో' అని భావం గడిలో మార్కు పెంచేముందు లోపల నేర్చుకున్నది ఎంతో చూడండి.

పక్షపాతం సంగతి కూడా మాట్లాడాలి, మొహమాటం వద్దు. ఎరిక్ జిట్జెవిట్జ్ అనే ఆర్థికవేత్త ఈ ఆట పోటీల మార్కులు పరిశీలించి, జడ్జీలు సొంత దేశం వాళ్ళకి ఎక్కువ వేస్తున్నారని లెక్కలతో చూపించాడు. 2002 గొడవ తర్వాత ఎవరు ఎంత వేశారో తెలియకుండా జడ్జీల పేర్లు దాచారు. ఒత్తిడి చేసేవాళ్ళకి మార్కు ఎవరిదో తెలియకపోతే ఒత్తిడి తగ్గుతుందని ఆశ. కానీ జనానికి అనుమానం పెరిగింది. 2016లో మళ్ళీ పేర్లు బయటపెట్టారు. మన దగ్గర దేశాలు లేవు గానీ 'మా శిష్యురాలు', 'మా గురువుగారి మనవరాలు', 'మా ఊరి పిల్ల' ఉన్నారు. మన శిష్యురాలు స్టేజీ ఎక్కితే ఆ ఒక్క నంబరుకి కుర్చీ లోంచి లేచి పక్కన కూర్చుందాం. మార్కుల కాగితం జడ్జీ పేరుతో సహా నోటీసు బోర్డు మీద అంటిద్దాం. ముగ్గురు జడ్జీలతో ఎక్కువ తక్కువలు తీసేయడం కుదరదు, ఒక్కటే మిగులుతుంది. కనీసం ఐదుగురిని పిలవమని నిర్వాహకులని అడుగుదాం. ఖర్చు అంటారు. షామియానాకి, లైటింగుకి పెట్టే ఖర్చులో ఇది ఎంత?

(సభలోంచి ఒక సంగీతం మాస్టారు: "అమ్మా, ఇలా సెకన్లు లెక్కపెడుతూ కూర్చుంటే రసం ఎప్పుడు అనుభవిస్తాం?")

మంచి ప్రశ్న అడిగారు మాస్టారూ. అక్కడి జడ్జీలు దూకుళ్ళ నాణ్యతకి అప్పటికప్పుడు వేస్తారు. కళ మార్కులు ప్రదర్శన పూర్తయ్యాకే వేస్తారు. అంటే పాట నడుస్తున్నంతసేపు చూడటం, వినడం. అంకె తర్వాత. మీరు ఒక కీర్తన వింటున్నప్పుడు రాగం పేరు, తాళం, ఎత్తుగడ అన్నీ తెలుస్తూనే ఉంటాయి కదా, దానివల్ల మీ ఆనందం తగ్గిందా? తెలియని నాకంటే మీకే ఎక్కువ దక్కుతుంది. అలవాటు కానంతవరకే కష్టం.

(ఇంకొకరు: "మధ్యలో కరెంటు పోతే?")

మన ఊళ్ళలో అడగాల్సిన ప్రశ్నే. అక్కడ సంగీతం ఆగిపోతే రిఫరీ ఆట ఆపిస్తాడు, సరిచేశాక ఆగిన చోట నుంచి కొనసాగిస్తారు. మనం కూడా అలాగే చేద్దాం. మొదటి నుంచి మళ్ళీ చేయించకండి, పిల్లలు అలసిపోతారు. ఆగకముందు చేసినదానికి ఏం అనిపించిందో కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఇప్పుడు ఆ వెనక తెర మీద ఒక ప్రదర్శన వేస్తాం. మొదటిసారి సౌండ్ తీసేసి, రెండోసారి సౌండ్‌తో. సౌండ్ లేకుండా చూసినప్పుడూ, ఉండి చూసినప్పుడూ మీకు ఒకేలా అనిపిస్తే ఆ మనిషి సంగీతానికి ఏమీ చేయలేదని అర్థం. తేడా కనిపిస్తే ఏ సెకను దగ్గర కనిపించిందో, అక్కడ మోకాలు ఏం చేసిందో, చూపు ఎటు వెళ్ళిందో రాయండి. మార్కు గడి ఖాళీగా వదిలేయండి. అందరివీ రాయడం అయ్యాక ఒకరివి ఒకరు మార్చుకుని, ఎదుటివాళ్ళు రాసిన చోటు మీకు కూడా కనిపించిందో లేదో చూద్దాం. కాగితాలు పంచుతున్నారు, వెనక వరస వాళ్ళకి అందాయా అండీ?